డెబ్బై రెండు పీలికలు

పద్నాలుగో నంబరు కంప్యూటరు బల్ల కింద ఎల్లేశ్ మోకాళ్ల మీద ఉన్నాడు. ఒక చేతిలో పెయింటు బ్రష్షు, పళ్ల మధ్య స్క్రూ. డబ్బా పక్కరేకు తీస్తే లోపల ఫ్యాను రెక్కలకు దుమ్ము బొంతలా పట్టి ఉంది. బ్రష్షుతో కెలికి, మొహం పక్కకు తిప్పి ఊదాడు. ఎంత తిప్పినా సగం దుమ్ము తన ముక్కులోకే వస్తుంది. పందొమ్మిదేళ్లుగా అంతే.

ఇబ్రహీంపట్నం దాటాక సాగర్ రోడ్డు మీద ఎటు చూసినా ఇంజినీరింగు కాలేజీల బోర్డులే. వాటిలో ఒకదాంట్లో రెండో అంతస్తు ల్యాబు అతనిది. అతనిదని అతను అనుకుంటాడు. కాగితాల్లో మాత్రం అటెండరు. తొమ్మిదో తరగతిలో బడి మానేసి, బస్టాండు దగ్గర టీవీలు బాగుచేసే దుకాణంలో కూర్చున్నాడు. తర్వాత ఈ కాలేజీ కడుతున్నప్పుడు గోడల్లో వైర్లు లాగే కూలీగా వచ్చాడు. లాగడం అయిపోయింది. ఏ వైరు ఎటు పోయిందో తెలిసినవాడు ఇంకొకడు లేడు కాబట్టి ఉండిపోయాడు.

నలభై ఏడేళ్ల మనిషి. ప్యాంటు మోకాళ్ల దగ్గర ఎప్పుడూ తెల్లబారి ఉంటుంది. కుడి చూపుడువేలి గోరు ఎప్పుడో నలిగి, నల్లగా చచ్చిపోయింది. జేబుకు పెట్టుకునే టెస్టరు క్లిప్పు గుడ్డను కొరికి కొరికి, ఉన్న చొక్కాలన్నిటికీ ఒకే చోట చిల్లు పడింది. ఈ రోజు చొక్కాకు చిల్లు లేదు. భార్య భాగ్య పొద్దున్నే ఇస్త్రీ చేసి ఇచ్చిన కొత్త చొక్కా అది.

ఫోను మోగింది. మూడో అంతస్తు నుంచి మనోజ మేడం.

"ఎల్లేశ్, నా సిస్టం పోయింది. నేనేం ముట్టుకోలేదు, దానంతటదే పోయింది."

మెట్లెక్కాడు. మానిటరు బటన్ ఆపేసి ఉంది. నొక్కాడు. వెలిగింది.

"ఏమైంది దానికి?"

"లూజ్ కాంటాక్ట్ మేడం."

ఆమె పేరు ముందు డాక్టర్ అని ఉంటుంది. బటన్ ఆఫ్ చేసి ఉందని చెప్పగూడదు. అలా చెప్పకపోవడం కూడా పనిలో భాగమే. లైబ్రరీలో వైరు కాలికి తగిలి ఊడుతుంది, ఆఫీసులో పిన్ను తీయకుండా కాగితం పెడితే ప్రింటరు నమిలేస్తుంది. అన్నీ దానంతటవే పోతాయి. నడిచినన్నాళ్లు ఎల్లేశ్ ఎవరో ఎవరికీ గుర్తుండదు. పోయిన నిమిషం నుంచి కాలేజీ అంతా అతని పేరే.

ఈ రోజు ఇన్‌స్పెక్షన్. కాలేజీకి అనుమతి ఇచ్చే కమిటీ పదకొండింటికి వస్తుంది. కిందటిసారి కమిటీ వెళ్లిపోయాక ఆఫీసు వ్యవహారాలు చూసే ఏఓ తిరుమల్ సారు ఎల్లేశ్ భుజం మీద చెయ్యేసి, వచ్చేసారి స్టాఫ్ లిస్టులో ల్యాబ్ టెక్నీషియన్ అని నీ పేరే రాస్తా అన్నాడు. ఆ మాట భాగ్యకు చెప్పాడు. భాగ్య వాళ్ల అక్కకు చెప్పింది. కొత్త చొక్కా అందుకే.

తిరిగి వచ్చేసరికి ల్యాబు గుమ్మం దగ్గర ఏఓ సారు నిలబడి ఉన్నాడు. పక్కన ప్రేమమ్మ తడిగుడ్డతో ఒక బోర్డు తుడుస్తోంది. ఊడ్చేది, టీలు మోసేది, బోర్డులు తుడిచేది అన్నీ ఆమే.

"ఎల్లేశ్, డ్రిల్లు దెచ్చి ఇది జర బిగియ్యి. టైం లేదు."

రెండు చిల్లులు వేసి, మొదటి స్క్రూ ఎక్కించి, రెండోది ఎక్కించేటప్పుడు చదివాడు. ల్యాబ్ టెక్నీషియన్: వినోద్ కుమార్, డిప్లొమా.

వినోద్ కుమార్ అతనికి తెలియనివాడు కాదు. మీర్‌పేట్‌లో సెల్‌ఫోన్ దుకాణంలో పని. డిప్లొమా సర్టిఫికెట్ ఉంది కాబట్టి కమిటీ వచ్చినప్పుడల్లా ఒక పూట వచ్చి టెక్నీషియన్ కుర్చీలో కూర్చుని పోతాడు.

"పేరు రాస్తనంటిరి గద సార్."

"డిప్లొమా అడుగుతుండ్రయ్య. నేనేడికెల్లి తేవాలె? వచ్చేసారి చూద్దాం. నువ్వు జర పోయి యూపీఎస్ రూంల కూసో. కమిటీ పోయేదాక బయటికి రాకు."

ఎల్లేశ్ స్క్రూ చివరి చుట్టు తిప్పాడు. బోర్డు వంకరగా ఉందేమోనని ఒకసారి వెనక్కి జరిగి చూశాడు. లేదు, సరిగ్గానే ఉంది.

"నీ పేరున్న బోర్డు నువ్వే తీసినవా, ఆనిది నువ్వే పెట్టినవా?" అంది ప్రేమమ్మ, సారు వెళ్లాక.

"నా పేరున్న బోర్డు ఎన్నడన్న ఉండెనా అక్కా."

యూపీఎస్ గదికి పోతూ ల్యాబు మూలన గోడకు బిగించిన ఇనుప ర్యాకు వైపు చూశాడు. కాళ్లు ఆగిపోయాయి.

ఆ ర్యాకులో ఒకదాని మీద ఒకటి, కాలేజీ అంతటికీ నెట్ పంచే మూడు డబ్బాలు. ఒక్కోదానికి ఇరవై నాలుగు వైర్లు, మొత్తం డెబ్బై రెండు. అన్నీ ఒకే నీలం రంగు. ఏది ఎటు పోయిందో ఇంగ్లీషులో రాసి అతికించడం రాక, మొదట్లోనే ఎల్లేశ్ ఒక్కో వైరుకు ఒక్కో గుడ్డపీలిక కట్టాడు. ప్రిన్సిపాల్ గదికి భాగ్య చింతపండు రంగు జాకెట్టు ముక్క. లైబ్రరీకి కూతురు లిఖిత బడి యూనిఫాం, నీలం గళ్లు. ఆ యూనిఫాం వేసుకున్న పిల్ల ఇప్పుడు కొంగరకలాన్ కంపెనీ బస్సెక్కి షిఫ్టుకు పోతోంది. పై డబ్బా నుంచి కింది డబ్బాకు పోయే అసలు వైరుకు బాపు ఎర్రంచు తువ్వాల పీలిక, రెండు చుట్లుగా. బాపు చనిపోయిన ఏడు కట్టింది. ర్యాకు అద్దం తలుపు తెరిస్తే ఇంట్లో బట్టల దండెం చూసినట్టుండేది.

ఇప్పుడు అందులో ఒక్క పీలికా లేదు. వైర్లు దువ్విన జుట్టులా నున్నగా ఉన్నాయి. తెల్ల లేబుళ్లు, అచ్చు నంబర్లు.

"నిన్న సాయంత్రం నువ్వు పోయినంక సార్ చెయ్యమన్నడన్న," అన్నాడు టెక్నీషియన్ కుర్చీలోంచి లేచి వచ్చిన వినోద్, మెడలో ఐడీ కార్డు సర్దుకుంటూ. "కమిటీ జూస్తే ఈ పేలికలేంది అంటరని."

"పీకి పెట్టినవా?"

"పీకకుంటె లేబుల్ ఎట్ల అంటిస్త?"

పీలికలన్నీ చెత్తడబ్బా పక్కన అట్టపెట్టెలో ఉన్నాయి. ఎర్రంచుది పైనే కనబడింది. వంగి దాన్ని తీసి జేబులో పెట్టుకున్నాడు.

యూపీఎస్ గదికి కిటికీ లేదు. గోడ పొడుగునా బ్యాటరీలు, వాటి పుల్లటి వాసన, చెవిలో దోమ దూరినట్టు ఆగని మోత. బోర్లించిన బ్యాటరీ డబ్బా మీద కూర్చున్నాడు. పావుగంటకే కొత్త చొక్కా వీపుకు అతుక్కుంది. పన్నెండు కావస్తుండగా గోడ అవతల కుర్చీలు జరిగిన చప్పుడు, ఏఓ సారు నవ్వు. తర్వాత ముక్కుతో మాట్లాడే ఒక పెద్దమనిషి గొంతు: "అరవై సిస్టమ్స్ ఒకేసారి ఆన్ చేయించండి. నెట్ చూద్దాం."

కాసేపు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం ఎల్లేశ్‌కు తెలుసు. అరవైమంది పిల్లలు అరవై తెరల మీద గిరగిర తిరిగే గుండ్రాన్ని చూస్తున్నప్పుడు అలాగే ఉంటుంది.

ఫోను వెలిగింది. వినోద్. ఎల్లేశ్ దాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. ఎత్తకుంటే ఏమవుతుంది? తనెక్కడున్నాడో కమిటీకి తెలియదు. బోర్డు మీద పేరున్నవాడు చూసుకుంటాడు. ఫోను మోగి మోగి ఆగింది. ఆగినందుకు సంతోషం కలగాలి. కలగలేదు. గోడ అవతల ఉన్నవి తన డబ్బాలు. అందరూ చూస్తుండగా అవి నోరు తెరుచుకుని నిలబడ్డాయి.

మళ్లీ మోగింది. ఎత్తాడు.

"అన్నా, నెట్ మొత్తం పోయింది." వినోద్ గుసగుసలాడుతున్నాడు. "నేనేం ముట్టలే, దానంతటదే పోయింది."

"డబ్బాల మీది లైట్లు ఎట్ల కొట్టుకుంటున్నయ్?"

"అన్నీ ఒక్కతీరుగ. పిచ్చి లేసినట్టు."

"ఒకటే వైరు రెండు కొసలు ఒకటే డబ్బాల గుచ్చినవ్. మీది డబ్బాకెల్లి కిందికి పోవాల్సిన వైరు అది. తీసి ఒక కొస కింది డబ్బాల పెట్టు."

"ఏదన్నా అది? అన్నీ గట్లనే ఉన్నయ్."

ఎల్లేశ్ కళ్లు మూసుకున్నాడు. జేబు మీద చెయ్యి పడింది.

"వైర్లన్నీ దుమ్ము పట్టి నల్లబడ్డయ్ గద. పీలికున్న తాన కొత్తగ ఉంటది. అన్నిటికీ సన్న పట్టీ ఉంటది, ఒక్కదానికే బొటనవేలంత వెడల్పు. జూడు."

ఊపిరి చప్పుడు. ఎవరో దగ్గారు. "దొరికింది," అన్నాడు వినోద్.

"గుంజు. కింది డబ్బాల మొదటి రంధ్రం."

అరక్షణం తర్వాత గోడ అవతల పిల్లలు ఒక్కసారి కదిలారు. ముక్కుగొంతు పెద్దమనిషి అన్నాడు: "గుడ్. రెండు నిమిషాల్లో పట్టేశావే. నీ పేరేంటి?"

"వినోద్ కుమార్ సార్."

నాలుగున్నరకు కమిటీ కార్లు సాగర్ రోడ్డెక్కాయి. ఏఓ సారే స్వయంగా యూపీఎస్ గది తలుపు తీశాడు. చేతిలో స్వీటు డబ్బా. ఎల్లేశ్ ఒకటి తీసుకుని చేతిలోనే పెట్టుకున్నాడు.

"రిపోర్టుల వినోద్ పేరు రాసిండ్రు ఎల్లేశ్. టెక్నీషియన్ మస్తుగున్నడని. పేరు ఎక్కినంక మనిషి ఉండాలె గద. రేపటికెల్లి ఆయన రోజు వస్తడు. నువ్వు హాస్టల్ కాడ నీళ్ల మోటరు చూస్కో. నీడపట్టు పని."

"అవ్ సార్."

ఇంకేమైనా అంటాడేమోనని సారు కాసేపు నిలబడ్డాడు. ఏమైనా అంటే అది వచ్చేసారికి పోతుంది, వచ్చేసారి చూద్దాం అనిపించుకుంటుంది.

ల్యాబులో వినోద్ ఒక్కడే ఉన్నాడు. మెడలో కార్డు ఇంకా తీయలేదు.

"నేను చెప్పేటోన్నే అన్న, నువ్వే చెప్పినవని. సార్ కండ్లు ఉరిమి చూసిండు."

"చెప్తె ఏమైతుండె. నీ సర్టిఫికెట్ నాకిస్తుండెనా?"

వినోద్ ర్యాకు వైపు చూశాడు: "ఏ వైరు ఏడికి పోతదో జర ఒక కాగితం మీద రాసియ్యవా అన్న?"

"రాసుడు రాకనే గద పీలికలు కట్టింది."

వినోద్ దుకాణానికి ఫోను చేసుకుంటూ బయటికి పోయాడు. ఎల్లేశ్ వరసల మధ్య నడుస్తూ అరవై మానిటర్లూ ఒక్కొక్కటిగా ఆపాడు. పద్నాలుగో నంబరు ఫ్యాను చప్పుడు తగ్గిందో లేదో చెవి పెట్టి విన్నాడు. తగ్గింది. అట్టపెట్టె కోసం చూశాడు, అప్పటికే ఊడ్చేసి ఉంది. స్వీటును, తాళాల గుత్తిని ప్రేమమ్మ చేతిలో పెట్టాడు.

"ఇవి ఏఓ సారుకియ్యి అక్కా. రేపు రానని చెప్పు."

"ఎల్లుండి?"

"ఎల్లుండి గూడ."

ప్రేమమ్మ తాళాలను కొంగుకు తుడిచి పట్టుకుంది. "ఏం జేస్తవ్ మరి?"

"మంచాల ఊరి దిక్కు కొత్త ప్లాట్లల్ల కెమెరాలు పెడుతుండ్రట. వైర్లు గుంజేటోళ్లు కావాలంటుండ్రు."

"మళ్ల గుంజుడేనా?"

"గదే వచ్చు."

వెళ్లబోతుంటే వెనక కిర్రుమంది. ర్యాకు అద్దం తలుపు. దాని గడియ విరిగి మూడేళ్లయింది. పీలికలున్నప్పుడు వాటిలో ఒకదాన్ని లాగి ముడేస్తే ఆగేది. నున్నగా దువ్విన వైర్ల ముందు ఇప్పుడది తెరుచుకుని ఊగుతోంది.

ఎల్లేశ్ గుమ్మంలో నిలబడ్డాడు. తర్వాత వెనక్కి వచ్చి తలుపు మూసి, జేబులోంచి తీసి కట్టాడు. రెండు ముళ్లు వేసి, ఒకసారి లాగి చూశాడు.

అయిదుంబావు బస్సులో కండక్టరుకు చిల్లర ఇవ్వడానికి జేబులో చెయ్యి పెట్టినప్పుడు జేబు తేలిగ్గా ఉంది.

ల్యాబులో అద్దం వెనక డెబ్బై రెండు తెల్ల లేబుళ్లు నంబర్ల వరసలో ఉన్నాయి. తలుపును పట్టుకుని ఉన్నది మాత్రం ఎర్రంచు తువ్వాల పీలిక.