అల్లం వాసన వేసే గడి

ఛాయాదేవి పొద్దున్నే గోవింద్‌పూర్‌లో బస్సెక్కి, ఖర్కాయి నది దాటి, ఆదిత్యపూర్‌లోని స్ప్రింగుల కార్ఖానాకు అందరికన్నా ముందే చేరేది. ఇంట్లో ఆపేవాళ్లెవరు గనక! ఎనభై ఏడులో కార్ఖానాకు వచ్చిన మొదటి కంప్యూటరు మీది గుడ్డ తీసి, లెక్కల షీటు తెరిచేది. ఎంత ఉక్కు వస్తే ఎంతమంది మనుషులు కావాలో, ఏ అంకె మారిస్తే ఏది మారాలో, గడికీ గడికీ ముడివేసి తనే కట్టిన షీటు.

ఏ విభాగం గడి దగ్గర ముక్కు పెడితే ఆ విభాగం వాసన వచ్చేది. కొలిమి వరుసలో కాలిన నూనె, స్టోర్సులో గోనెసంచులు, క్యాంటీన్‌లో అల్లం టీ. కొలిమి వరుస తెరిచినప్పుడు ఫ్యాను కాస్త పెంచేవాళ్లు, అంతే.

అట్టడుగున 'కాస్టింగ్', అంటే ఖర్చుల లెక్కలు చూసే పోస్టు, అని రాసి, చేత్తో ఒకటి కొట్టిన గడి ఆమెది. దానికి దేనితోనూ ముడి లేదు. అక్కడ మాత్రం ఆమె ఎన్నడూ ముక్కు పెట్టలేదు. ఏముంటుంది అక్కడ?

రోజూ పదకొండింటికి క్యాంటీన్ జోగమ్మ టీ తెచ్చేది.

"ఏటమ్మగోరూ, నిన్నటి టీ గళాసులో అలగే ఒగ్గీసేరు?"

"పని ఉంది జోగమ్మా."

"పనికేటి, అది తాగదు గదా!"

చాలా రోజులు ఆమె చెవిన పడే పలకరింపు అదొక్కటే.

ఒక శనివారం పొద్దున మేనేజరు ఉమామహేశ్వర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "హెడ్డాఫీసుకు కొత్త ప్లాను పంపాలండీ. క్యాంటీన్ తీసేస్తే ఎలా ఉంటుందో చూద్దాం. జీరో కొట్టండి."

"అక్కడ నలుగురు ఆడవాళ్లు పనిచేస్తున్నారు సార్."

"అరే, షీటులోనే కదండీ కొట్టమంటున్నాను!"

అలాగే అంటారు. షీటులో తీసేసిన మనిషి నెల తిరిగేసరికి గేటు బయట ఉంటాడని ఎవరికి తెలియదు? ఛాయాదేవికీ తెలుసు. అయినా కొట్టింది.

అల్లం వాసన పోయింది. ఆ వెంటనే, అడుగున కాస్టింగ్ గడిలో ఒకటి కూడా సున్నా అయిపోయింది.

"అదేంటి? మీ పోస్టుకేం ఫార్ములా పెట్టారు?"

"ఏమీ లేదు సార్. చేత్తో కొట్టిన అంకె."

మళ్లీ ఒకటి కొట్టింది. నిలవలేదు. క్యాంటీన్‌లో నాలుగు కొట్టాక, ఒకటి దానంతటదే వచ్చి కూర్చుంది. ఛాయాదేవి ముందుకు వంగి, మొదటిసారి తన గడి దగ్గర ముక్కు పెట్టింది. అల్లం.

ఉమామహేశ్వర్ తల గోక్కున్నాడు. "మీరే లేకపోతే ఈ షీటు ఎవరు చూస్తారు? ఛోడియే, వదిలేయండి. క్యాంటీన్ ఉండనివ్వండి." ప్రింటు అలాగే వెళ్లింది.

పదకొండింటికి జోగమ్మ గ్లాసు నింపుతుంటే, క్యాంటీన్ గుమ్మంలో ఛాయాదేవి నిలబడి ఉంది.

"ఏటమ్మగోరూ, తోవ తప్పీసేరా?"

"వేడిగా తాగుదామని," అంటూ ఆమె వచ్చి బెంచీ మీద కూర్చుని, ఓ చివరకు జరిగింది. "నువ్వూ పోసుకో."