ట్రాక్టర్ మామయ్య

వెస్లీ టోర్గర్‌సన్ దగ్గర అభిప్రాయాలకి కొదవ లేదు. కొత్త ఫోను ఎందుకు కొనకూడదో, పాత వీడియో గేముల్లో ఉన్న సరదా ఇప్పటివాటిలో ఎందుకు లేదో, వైద్యం అందరికీ ఉచితంగా ఎందుకు అందాలో, సమ్మె చేసేవాళ్ల పక్షాన జనం ఎందుకు నిలబడాలో, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేవాడు. వారమంతా ఓ క్లేర్ అనే ఊళ్లోని ఒక కాలేజీలో కంప్యూటర్లు బాగుచేసేవాడు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం స్నేహితురాలు బియాంకా ఇంటికి వెళ్లేవాడు. చలికోట్లు వేలాడే చిన్న అల్మరా గదిలో ఇద్దరూ మోకాళ్లు తగిలేటంత దగ్గరగా కూర్చుని, మధ్యలో మైకు పెట్టుకుని, ‘సోఫా మీంచి’ అనే పాడ్‌కాస్ట్ చేసేవారు.

మొదట్లో దాన్ని వినేవాళ్లు ఆ ఇద్దరి స్నేహితులే. ట్రాక్టర్ మామయ్య వచ్చాకే జనం పెరిగారు.

ట్రాక్టర్ మామయ్య అంటే వెస్లీ అక్క మార్లా మొగుడు డ్వేన్ క్రూగర్. పాడి రైతు. పాల ధర పడిపోయి, అప్పులు పెరిగిపోయి, ఆవుల్నీ పొలాన్నీ ఒక పెద్ద డెయిరీ కంపెనీకి అమ్మేశాడు. ఇప్పుడు ఊరి చివర గిడ్డంగిలో సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి నడుపుతున్నాడు. ఇంటికొచ్చి పనులన్నీ కానిచ్చుకున్నాక టీవీ ముందు కూర్చుని, ట్రాక్టర్లు తోలి పంటలు పండించే వీడియో గేము ఆడతాడు. ఓటు మాత్రం వెస్లీకి గిట్టని పార్టీకే వేస్తాడు.

ఒకరోజు గేముల గురించి మాట్లాడుతూ వెస్లీ ఈ సంగతి ఎత్తాడు. పేరు చెప్పలేదు, బావ అని కూడా అనలేదు. “మా బంధువుల్లో ఒక మామయ్య ఉన్నాడులే,” అని మొదలుపెట్టి, ముక్కుతో మాట్లాడే డ్వేన్ గొంతు పెట్టాడు. “అబ్బే, ఈ ప్రభుత్వానికి వ్యవసాయం తెలీదయ్యా! నాకు తెలుసు. నిన్ననే టీవీలో మొక్కజొన్న కోశాను!” బియాంకా పడీపడీ నవ్వింది. ఆ ఊపులో వెస్లీ మరో మాట అన్నాడు. “కంపెనీలకి దోచిపెట్టేవాళ్లకే ఓటేశాడు, ఆ కంపెనీలకే పొలం అమ్ముకున్నాడు, ఇప్పుడు తెరమీద దున్నుకుంటున్నాడు.”

ఆ ముక్క చేతులు మారి ఎక్కడెక్కడికో వెళ్లింది. మళ్లీ ఆదివారం వచ్చేసరికి ట్రాక్టర్ మామయ్య ఏడీ అని అడిగేవాళ్లు తయారయ్యారు. ఇంక అతను ప్రతివారమూ వచ్చాడు. ఎవరో అతని బొమ్మ గీసి పంపితే, దాన్ని కాఫీ కప్పుల మీద వేయించి అమ్మారు కూడా.

మార్లా పుట్టినరోజు శుక్రవారం పడింది. శుక్రవారమంటే ఆ ఊళ్లో వేయించిన చేపలే. అందరికీ సరిపడా తెద్దామని డ్వేన్ తన పికప్ బండి తీశాడు. సాయానికి వెస్లీ పక్కన ఎక్కాడు. తాళం తిప్పగానే ఇంజనుతోపాటు బండిలో స్పీకర్లు కూడా మేల్కొన్నాయి.

“అబ్బే, నా ఆవులకి పేర్లున్నాయయ్యా! తెరమీద ఆవులైతే ఏం, వాటికీ మనసుంటుంది!”

అది వెస్లీ గొంతే. ముక్కుతో, దీర్ఘాలు తీస్తూ. వెనకాలే బియాంకా నవ్వు.

డ్వేన్ చెయ్యి చాచి కట్టేశాడు. తొందరపడలేదు, తడబడలేదు. అద్దం సర్దుకుని, బండి వెనక్కి తీసి రోడ్డెక్కించాడు.

వెస్లీ చెవులు కాలిపోయాయి. చాలాదూరం వెళ్లాక డ్వేన్ అన్నాడు. “బంగాళదుంపల సలాడ్ కూడా తెమ్మంది మీ అక్క. గుర్తుచెయ్యి, మర్చిపోతాను.”

“సరే,” అన్నాడు వెస్లీ. దారి పొడుగునా వాళ్లు మాట్లాడుకున్నది అంతే.

భోజనాల దగ్గర డ్వేన్ ఎప్పటిలాగే ఉన్నాడు. కేకు మీద కొవ్వొత్తులు వెలిగించాడు. వెస్లీ పళ్లెంలో చేప అలాగే ఉండటం చూసి, సాసు గిన్నె అతనివైపు జరిపాడు. ఆ గిన్నె జరపడం వెస్లీని చెంపదెబ్బకన్నా గట్టిగా తాకింది.

ఇంటికెళ్లాక వెస్లీ పాత ఎపిసోడ్లన్నీ పెట్టుకుని విన్నాడు. డ్వేన్ చెవులతో విన్నాడు. ఒకచోట తను శ్రమజీవుల గౌరవం గురించి ఆవేశంగా మాట్లాడుతున్నాడు. ఆ మాట పూర్తయిందో లేదో, ట్రాక్టర్ మామయ్య గొంతు పెట్టి నవ్విస్తున్నాడు. ఈ రెండూ ఒకే నోట్లోంచి వస్తున్నట్టు అన్నాళ్లూ తనకెందుకు తోచలేదో అర్థం కాలేదు.

ఆదివారం బియాంకాకి చెప్పాడు. ఆమె తలుపుకి చేరగిలబడింది.

“నేనూ నవ్వాను కదా వెస్. నా తప్పూ ఉంది. వెళ్లి ఆయనకి క్షమాపణ చెప్పుకుందాం పద. ఇద్దరం.”

“ముందు ఇందులోనే చెప్తాను. అందరిముందూ అన్నాను, అందరిముందే చెప్పాలి.”

“మైకుకి చెప్తే ఏమొస్తుంది? బాధపడింది ఆయన.”

“నన్ను చెప్పనీ, బియాంకా.”

చెప్పాడు. మంచి మనసుతోనే చెప్పాననుకున్నాడు. ట్రాక్టర్ మామయ్య మా అక్క భర్త అన్నాడు. మూడు తరాల పొలం పోగొట్టుకున్న మనిషి అన్నాడు. వినేవాళ్లకి అతని బాధ అందాలని, మార్లా ఎప్పుడో తనని నమ్మి చెప్పిన సంగతి కూడా బయటపెట్టాడు. ఆవుల్ని లారీలెక్కించుకుపోయిన రోజు, పాలు పితికే వేళకి డ్వేన్ అలవాటుగా బూట్లేసుకుని ఖాళీ కొట్టంలోకి వెళ్లి, అక్కడే బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఏడ్చాడట. ఇది చెబుతూ వెస్లీ కూడా ఏడ్చాడు. బియాంకా మైకు ఆపబోతే వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు.

అదివరకు ఏ ఎపిసోడ్‌నీ అంతమంది వినలేదు. ఎంత నిజాయితీ, ఎంత ధైర్యం అని మెచ్చుకుంటూ ఊరూపేరూ తెలియనివాళ్లు రాశారు. మగవాళ్లు ఇలా మనసు విప్పాలని ఒకావిడ వ్యాసమే రాసింది. వెస్లీకి గుండెల మీది బరువు దిగినట్టయింది. రెండురోజులు హాయిగా నిద్రపోయాడు.

ఆ తర్వాత మార్లా ఫోన్ చేసింది.

“ఒరేయ్, నిన్నెవడు అడిగాడురా?”

“అక్కా, నేను క్షమాపణే కదా…”

“క్షమాపణా? ఎవరికి? నీ ఫ్యాన్లకా? గిడ్డంగిలో ఇన్నాళ్లూ ఆయన ఏం చెప్పుకున్నాడో తెలుసా నీకు? ఒళ్లు నొప్పులు, ఇంక చాలనుకుని వ్యవసాయం మానేశానని చెప్పుకున్నాడు. పోగొట్టుకున్నానని ఒక్కడికీ చెప్పలేదు. ఇవాళ వాళ్ల సూపర్‌వైజర్, మీసాలు కూడా సరిగ్గా రాని పిల్లాడు, ఈయన భుజం తట్టి, ‘ఏడవాలనిపిస్తే ఏడవండి డ్వేన్, ఇందులో సిగ్గేం లేదు’ అన్నాడట!”

వెస్లీ ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

“కొట్టం సంగతి నేను నీకు చెప్పాను. తమ్ముడివని చెప్పాను. ఇప్పుడాయన నాతో మాట్లాడటం లేదు. నేను నీతో మాట్లాడను.” ఫోన్ పెట్టేసింది.

ఆ సాయంత్రమే బియాంకాతో మాట్లాడి మామయ్య ఉన్న ఎపిసోడ్లన్నీ తీసేయించాడు. క్షమాపణ చెప్పినదీ తీసేయించాడు. కానీ దాని ముక్కలు అప్పటికే బయట తిరుగుతున్నాయి. కుటుంబం నోరు నొక్కేసింది కాబోలు, పాపం వెస్లీ, అని ఒకడు రాశాడు. దానికింద బోలెడుమంది అవునన్నారు. ఆ జాలి చివరిదాకా చదవకుండానే వెస్లీ ఫోను పక్కన పడేశాడు.

శనివారం పొద్దున డ్వేన్ ఇంటికి వెళ్లాడు. తలుపు తీసిన మార్లా ఒక్క మాటా అనకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది. డ్వేన్ టీవీ ముందున్నాడు. తెరమీద ఒక పచ్చ ట్రాక్టరు పొలం గట్టున ఆగి ఉంది.

వెస్లీ నిలబడే అన్నాడు. “చాలా తప్పు చేశాను, డ్వేన్. రెండుసార్లు చేశాను.”

డ్వేన్ తలెత్తలేదు. “నేను మొదట్నుంచీ వినేవాణ్ణి. మార్లా తమ్ముడివి, నువ్వు రేడియోలాంటిదేదో చేస్తున్నావంటే వినకుండా ఎలా ఉంటాను? నీ రాజకీయాలు నాకు పడవు. కానీ నవ్వించేవాడివి. పనికి వెళ్తూ వినేవాణ్ణి.” చేతిలోని గేము కంట్రోలర్ పక్కన పెట్టాడు. “ఆ మామయ్య మొదటిసారి వచ్చినప్పుడు నేనూ నవ్వాను, వెస్. ఎవడో పిచ్చోడనుకున్నాను. తర్వాతి వారం, వాడు నా ఆవుల పేర్లు చెప్పినప్పుడు తెలిసింది.”

వెస్లీ కుర్చీ అంచు పట్టుకున్నాడు.

“అయినా పర్లేదనుకున్నాను. వాడు నేనని నాకే కదా తెలుసు. నువ్వు ఏడుస్తూ చెప్పాక ఊరందరికీ తెలిసింది.”

“ఏం చెయ్యమంటావో చెప్పు. ఏదైనా చేస్తాను.”

“చేసేదేం లేదు.” డ్వేన్ రెండో కంట్రోలర్ తీసి అతనివైపు చాచాడు. “కూర్చో. ఒక గంటసేపు దేనిమీదా అభిప్రాయం చెప్పకు.”

వెస్లీ కూర్చున్నాడు. కోతయంత్రం డ్వేన్ నడిపాడు. గింజలు పట్టుకునే బండి వెస్లీది. మొదటి మలుపులోనే దాన్ని కాలవలోకి దింపేశాడు. డ్వేన్ యంత్రం ఆపి, ట్రాక్టరు తెచ్చి, గొలుసు తగిలించి పైకి లాగాడు.

ఆ తర్వాత ‘సోఫా మీంచి’ని బియాంకా వేరొకరితో నడుపుకుంది. వెస్లీ మానేశాడు. శనివారాలు మాత్రం డ్వేన్ ఇంటికి వెళ్తున్నాడు. మార్లా కూడా మెల్లగా కాఫీ ఇవ్వడం, ఆ తర్వాత రెండు తిట్లు తిట్టడం దాకా వచ్చింది. ఎవరు చూసినా అంతా సర్దుకుందనే అనుకుంటారు.

ఒక శనివారం తెరమీద వాన మొదలైంది. ఎండుగడ్డి ఇంకా పొలంలోనే ఉంది. డ్వేన్ చిన్నగా నవ్వాడు. “ఒకసారి మా నాన్న కూడా ఇలాగే గడ్డి తడిపేశాడు. అప్పుడు మా అమ్మ ఏం చేసిందంటే…”

వెస్లీ ఆశగా అటు తిరిగాడు. డ్వేన్ ఆ ముఖం చూశాడు. నవ్వు అలాగే ఉండగా మాట మాత్రం ఆగిపోయింది.

“ఏం లేదులే. ఆ బండి ఇటు తిప్పు, గడ్డి తడిసిపోతోంది.”

వెస్లీ బండి తిప్పాడు. తర్వాత ఏం జరిగిందని అడగలేదు. అడిగే హక్కు తనే పోగొట్టుకున్నాడు.