మోకాలుబంటి

నా తెలుగు పీరియడంటే బడిలో అందరికీ లోకువే. పరీక్షలొస్తే లెక్కలకిచ్చేయాలి, పెద్దలెవరైనా తనిఖీకొస్తే గదులు ఊడవడానికిచ్చేయాలి. ఇరవై ఏళ్లుగా ఊరుకున్నాను. ఈసారి ఊరుకోదలచుకోలేదు.

యూనివర్సిటీ వాళ్లు మా చిక్కడపల్లి హైస్కూలుతో కలిసి ఒక పని మొదలుపెట్టారు. అశోక్‌నగర్‌లో మురుగునీటి నాలా పక్క గల్లీలో పెద్ద వానలప్పుడు ఏ ఇంట్లోకి ఎంత నీరొచ్చిందో తొమ్మిదో తరగతి పిల్లలు అడిగి, కొలిచి, మ్యాపు గీయాలి. తెలుగు, లెక్కలు, సోషల్ అన్నీ కలిపి ఒకే పని. పిల్లలు పన్నెండిళ్లు తిరిగి రాసుకొచ్చారు: మోకాలుబంటి, నడుంబంటి, తొడలదాకా. అంకెలు కావాలంటూ యూనివర్సిటీ నుంచి కాగితాలు తిరిగొచ్చాయి.

లెక్కల మాస్టారు రాఘవేందర్ నవ్వాడు. "అన్ని మాటలే గదా మేడం, లెక్కేది?"

శనివారంలోగా అంకెలు రాకపోతే పని ఆపేస్తామనీ, సోమవారం నుంచి నా నాలుగో పీరియడు లెక్కలకేననీ హెడ్మాస్టరు చెప్పేశారు. నాకు ఒళ్లు మండిపోయింది.

శనివారం పొద్దున్నే టైలరు టేపొకటి సంపాదించి, "మీరూ రండి, చూద్దురుగాని" అని రాఘవేందర్‌ని వెంటబెట్టుకుని పిల్లలతో గల్లీకి బయల్దేరాను.

మొదటి ఇల్లు మాసమ్మది. మనిషి పొట్టి. "నడుంబంటి అన్నారట. మీ నడుమేనా?" అని అడిగాను.

"మరెవరిది? పక్కింటాయనదా?" అంటూ గడప దగ్గర నిలబడి చెయ్యి పెట్టి చూపించింది. నా విద్యార్థిని సింధూర టేపు పట్టింది. "నాకేమన్న సూటు కుడుతున్నరా బిడ్డా?" అని మాసమ్మ ఒకటే నవ్వు. ఎనభై ఎనిమిది సెంటీమీటర్లు.

పక్కింటి రామచంద్రం ఆరడుగుల పైమాటే. ఆయన చెప్పింది తొడలదాకా అని.

"రెండు గడపలు ఒక్క ఎత్తే. ఈమె నడుమంటది, ఈయన తొడంటడు. ఎట్ల నమ్మాలె మేడం?" అన్నాడు రాఘవేందర్.

ఆయన తొడ మీద చూపించిన చోటిదాకా సింధూర కొలిచింది. ఎనభై ఏడు. రాఘవేందర్ టేపు లాక్కుని, నేల మీద గొంతుక్కూర్చుని తనే మళ్లీ కొలిచాడు. ఎనభై ఏడే! మిగతా పదిళ్లూ ఆయనే కొలిచాడు, నన్ను టేపు ముట్టనిస్తే ఒట్టు.

సోమవారం నాలుగో గంట కొట్టగానే రాఘవేందర్ మా తరగతిలోకొచ్చాడు. పీరియడు తీసుకోవడానికే అనుకున్నాను. ఏమైనా సరే కదిలేది లేదని బోర్డు దగ్గరే నిలబడ్డాను. ఆయన తిన్నగా వెళ్లి చివరి బెంచీ మీద కూర్చుని నోటుబుక్కు తెరిచాడు.

"అంకెలు పంపిన మేడం, యూనివర్సిటీ వాళ్లు ఒప్పుకున్నరు. పీరియడు మీదే. జర ఒక్కటి చెప్పుండ్రి, పీకలదాకా ఎక్కువనా, మెడబంటి ఎక్కువనా?"

"సింధూరా, టేపు తే" అన్నాను. "సారు మెడ కొలవాలి."