వేలంపాట మామయ్య, తుమురు కోడలు

మాటలమ్ముకుని బతికే ఇల్లు అది. మామగారు టోకు కూరగాయల మార్కెట్లో వేలం వేసేవారు. కోడలు స్టూడియోలో డబ్బింగ్ చెప్పేది. తేడా అల్లా ఒక్కటే. తెల్లారేసరికి ఆయన నోట్లోంచి వేల మాటలు దొర్లిపోయేవి. ఆమెకు ఉద్యోగం మొత్తమ్మీద ఉన్నది ఒకే ఒక్క మాట.

ఆ మాట ‘తుమురు’. పిల్లలున్న ఇళ్ళలో తుమురు ఎవరో చెప్పక్కర్లేదు. లేనివాళ్ళ కోసం చెప్పుకుందాం. అదొక వీడియో గేమ్. అందులో అడవుల్లో, వాగుల్లో, పాడుబడ్డ గిడ్డంగుల్లో రకరకాల వింత జీవులు తిరుగుతుంటాయి. వాటిని పట్టుకోవాలి, పెంచాలి, పక్కవాడి జీవి మీదికి పోటీకి దింపాలి. అన్ని వందల జీవుల్లోనూ పిల్లలు తుమురునే నెత్తిన పెట్టుకున్నారు. మబ్బురంగు ఒళ్ళు, నేల మీద ఈడ్చుకుపోయే చెవులు, తుమ్మిందంటే ఎదుటివాడి మీద కుండపోత వాన. గేమ్‌లోంచి కార్టూన్ సీరియల్ పుట్టింది, దాన్లోంచి బొమ్మలు, బ్యాగులు, దుప్పట్లు పుట్టాయి. ఇంత పేరున్న జీవికి తన పేరు తప్ప మరో మాట రాదు. ఆకలేసినా తుమురే, అలిగినా తుమురే, ప్రాణం మీదికొచ్చినా తుమురే.

“అమ్మాయ్, ఇవాళ ఏం మాట్లాడొచ్చావ్?” అని మామగారు రోజూ గుమ్మంలోనే పట్టుకునేవారు. “తుమురేనా? మీ ఓనరు ధర్మప్రభువమ్మా. ఒక్క మాటకి నెల జీతమిస్తున్నాడు. నాకు చూడు, వంకాయల గంప ఒకటి అమ్మాలంటే రెండొందల మాటలు ఖర్చు.”

“అన్ని మాటల్లో మీరు చెప్పేది వంకాయలు బాగున్నాయనే కదా మామయ్యా?”

“బాగుంటే అన్ని మాటలెందుకే పిచ్చిదానా!”

ఇద్దరూ నవ్వుకునేవారు. నవ్వినా ఆ ఎత్తిపొడుపు ఆమెకు లోపలెక్కడో గుచ్చుకునేది. తన పని ఎంత కష్టమో ఈ మనిషికి ఎప్పటికైనా తెలియాలని అనుకునేది. పాపం, తెలిసే రోజు అలా వస్తుందని మాత్రం ఎవరనుకున్నారు!

ఆమె పని తీరు ఇదీ. స్క్రిప్టులో ‘తుమురు’ అని ఉన్న ప్రతిచోటా కింద చిన్న అక్షరాలతో అసలు వాక్యం రాసి ఉంటుంది. ‘చలేస్తోంది, ఇంటికెళ్దాం’ అనో, ‘వాణ్ణి నమ్మొద్దు’ అనో. ఆమె ముందు ఆ వాక్యాన్ని మామూలుగా పైకి చదువుకుంటుంది. తర్వాత పెదాలు మూసుకుని దాని రాగం మాత్రం ముక్కులోంచి తీస్తుంది. ఆ రాగంలో తుమురును కూర్చి, మునివేళ్ళ మీద లేచి మైకులోకి వదులుతుంది. టీవీ ముందు కూర్చున్న పిల్లకాయలకు తుమురుకి చలేస్తోందని ఇట్టే తెలిసిపోతుంది.

అలా ఉండగా ఒకరోజు మామగారికి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు పట్టు తప్పాయి. ఆసుపత్రిలో స్పృహ రాగానే కొడుకు ఆయన మీదికి వంగి “నాన్నా” అన్నాడు. ఆయన కళ్ళు తిప్పి చూసి, గొంతు సవరించుకుని, “ఒకటోసారి” అన్నారు.

నీళ్ళు కావాలా అంటే ఒకటోసారి. నొప్పిగా ఉందా అంటే ఒకటోసారి. జీవితమంతా గంపల ముందు నిలబడి ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని అరిచిన నోటికి మొదటిది ఒక్కటే మిగిలింది.

“ఆయనకి మనమనేది అర్థమవుతోంది,” అంది డాక్టరమ్మ. “చెప్పాలనుకున్నదీ లోపలుంది. బయటికొచ్చే దారే మూసుకుపోయింది. ఒక్కోసారి ఇలా ఒక్క మాటే మిగులుతుంది. రాయడం కూడా ఇప్పట్లో కుదరదు. తలూపమన్నా అవుననబోయి కాదంటున్నారు చూడండి, దాన్ని కూడా నమ్మకండి. ఓపిక పట్టాలి.”

కొడుకు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇంటికొచ్చాక ఆయన ఒకటోసారి అన్నప్పుడల్లా అందరూ కంగారుగా మొహమొహాలు చూసుకునేవారు. కోడలు మాత్రం చెవి రిక్కించింది. ఆ మాట అన్నిసార్లూ ఒకేలా లేదు. ఒకసారి చివర పైకి లేస్తోంది, ఒకసారి మధ్యలో విరుగుతోంది. రాగం తనకు తెలియని విద్యా? ఒక మధ్యాహ్నం ఆయన అలా అనగానే గ్లాసుతో నీళ్ళు తెచ్చి అందించింది. గటగటా తాగేశారు.

అంతే, ఆమె దశ తిరిగింది. “ఏమంటున్నారు?” అని భర్త అడిగేవాడు, చూడ్డానికొచ్చిన చుట్టాలు అడిగేవారు, ఫిజియోథెరపీ చేసే అతను కూడా అడిగేవాడు. “కాఫీలో చక్కెర చాల్లేదంటున్నారు.” “కిటికీ వెయ్యమంటున్నారు, గాలి కొడుతోందట.” “తుమురు వచ్చే వేళయింది, టీవీ పెట్టమంటున్నారు.” అడగడమే ఆలస్యం, జవాబు సిద్ధం. వచ్చినవాళ్ళు ముక్కున వేలేసుకునేవారు. ఒక్క మాటకి జీతమేమిటన్న ఇంట్లో ఇప్పుడు ఆమె నోరు కదిలితే గానీ పని జరగడం లేదు. ఆ గర్వం ఆమెకు తియ్యగా ఉంది. నిజం చెప్పాలంటే, గర్వం కన్నా ప్రేమే ఎక్కువ. ఆయన తన గొంతుతో మాట్లాడుతున్నారని ఆమె నిజంగానే నమ్మింది.

ఒక ఆదివారం ఆడపడుచు వచ్చింది. భర్తకు అక్క, ఊరికి ఆ చివర సొంతిల్లు. “నాన్నని నేను తీసుకెళ్తానురా,” అంది తమ్ముడితో. “నాది కింది గది. నాలుగడుగులేస్తే రోడ్డు. ఇక్కడ ఈ మూడో అంతస్తులో ఎన్నాళ్ళని కూర్చుంటారు?”

“నాన్ననే అడుగుదాం అక్కా,” అన్నాడు తమ్ముడు.

అడిగారు. ఆయన కిటికీ వైపు చూసి, కూతుర్ని చూసి, “ఒక…టో…సారి” అన్నారు. అందరూ కోడలి వైపు తిరిగారు.

“ఇక్కడే ఉంటానంటున్నారు,” అంది ఆమె, క్షణం కూడా ఆగకుండా.

“నిజమేనా నాన్నా?”

“ఒకటోసారి! ఒకటోసారి!”

“గుచ్చి గుచ్చి అడగొద్దంటున్నారు వదినా. కోపమొస్తోంది.”

ఆడపడుచు మొహం మాడిపోయింది. “సరేలే. ఆయనిష్టం. ఆ గది ఖాళీగా ఎందుకు, అద్దెకిచ్చేస్తాను. నెలాఖరుకి ఎవరో వస్తామంటున్నారు,” అని చెప్పులేసుకుంది. మామగారు తలుపు వైపు చూస్తూ ఉండిపోయారు. కూతురు వెళ్ళిపోతోందని బెంగ అని కోడలు భర్తకు విడమరిచి చెప్పింది.

నెలాఖరు దగ్గర పడుతుండగా స్టూడియోలో కొత్త భాగం రికార్డింగ్ పడింది. స్క్రిప్టు తెరిస్తే అన్నిచోట్లా తుమురు, తుమురు, తుమురు. కింద చిన్న అక్షరాలు లేవు.

“కింది వాక్యాలు వేరే ఫైల్లో ఉండిపోయాయట, పంపిస్తామన్నారు,” అన్నాడు డైరెక్టరు. “నీకెందుకవన్నీ? బొమ్మ చూసి కానిచ్చెయ్. నీకు తెలియని తుమురా?”

తెర మీద ఏటి ఒడ్డు. పడవ దగ్గర తుమురు, దాన్ని చిన్నప్పట్నుంచీ పెంచిన అమ్మాయి. తుమురు చెవులు నీళ్ళలో నాని వేలాడుతున్నాయి. అది ఆ పిల్ల కళ్ళలోకి చూస్తూ నోరు తెరిచింది. వాక్యం కోసం కోడలు వెతుక్కోనే లేదు. ‘నన్ను వదిలి వెళ్ళకు’ అని మనసులో దానంతటదే పడింది. మునివేళ్ళ మీద లేచింది. చెప్పింది. గాజు అద్దం వెనక సౌండ్ చూసే పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

టీ తాగుతుండగా అసలు ఫైలు వచ్చింది. అక్కడ రాసి ఉన్న వాక్యం: ‘నన్ను వెళ్ళనివ్వు.’

“అయ్యో, తప్పు చెప్పేశాను, మళ్ళీ చెప్తాను,” అంటూ లేచింది.

“కూర్చో కూర్చో. ఒకసారి చూడు,” అని డైరెక్టరు అదే రికార్డింగ్ వేసి చూపించాడు. “అతికినట్టు లేదూ? వెళ్ళకు అనుకుని చూస్తే వెళ్ళకు. వెళ్ళనివ్వు అనుకుని చూస్తే వెళ్ళనివ్వు. అది నోరు తెరుస్తుంది, మాట మనం పెడతాం. అదేమైనా వచ్చి కాదంటుందా?”

అందరూ నవ్వారు. ఆమెకు నవ్వు రాలేదు. నీళ్ళ గ్లాసు గుర్తొచ్చింది. ఆ మధ్యాహ్నం ఆయన నీళ్ళే అడిగారని తనకెవరు చెప్పారు? దాహమేసిన మనిషికి నీళ్ళిస్తే అడిగినా తాగుతాడు, అడక్కపోయినా తాగుతాడు. ఇన్ని రోజులుగా తాను విన్నది ఆయన రాగమా, తన వాక్యమా? మళ్ళీ చెప్తానని పట్టుబట్టి, ఎలాగో చెప్పి, ఆమె ఇంటికి బయల్దేరింది.

ఎలా అడగాలి? దారంతా అదే ఆలోచన. మాట లేదు, రాత లేదు, తల ఊపితే నమ్మడానికి లేదు. పెళ్ళైన కొత్తలో ఒకసారి మామగారు ఆమెను మార్కెట్‌కు తీసుకెళ్ళారు. ఆమె అనుకున్నదానికి భిన్నంగా, అక్కడ సరుకు పాడుకునేవాళ్ళెవరూ నోరు విప్పలేదు. అరుపులన్నీ ఈయనవే. కొనేవాళ్ళు గంప చుట్టూ నిలబడి, కావాలనుకుంటే పొట్ట దగ్గరే వేలు కాస్త పైకి లేపుతారు, అక్కర్లేకపోతే దించేసుకుంటారు. ‘ఎవడి వేలు వాడిదమ్మా,’ అన్నారాయన ఆ రోజు. ‘లేవని వేలు లేచిందన్నానంటే మర్నాడు నన్ను ఈ గేట్లోకి రానివ్వరు.’

ఇంటికొచ్చేసరికి ఆయన కిటికీ పక్క కుర్చీలో ఉన్నారు. ఆమె చేతిసంచి కూడా దించకుండా ఎదురుగా నిలబడింది.

“మామయ్యా, ఇవాళ వేలం నేను వేస్తాను. మీరు కొనేవాళ్ళు. కావాలంటే వేలు లేపండి.”

ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. ఆమె గొంతు పెంచింది. “చక్కెర దండిగా వేసిన కాఫీ! చూడండి బాబూ చూడండి, ఎవరిక్కావాలి?”

వేలు లేవలేదు. ఎడమచెయ్యి తొడమీద కదలకుండా ఉంది. ఇన్ని రోజులుగా పాపం ఆ పానకం ఎలా తాగారో!

“చక్కెర లేని కాఫీ!”

చూపుడువేలు లేచింది. కొంచెమే, పొట్ట దగ్గరే, మార్కెట్లో లేచినట్టే.

“మూసిన కిటికీ!” లేవలేదు. “తెరిచిన కిటికీ!” లేచింది. ఆమె గబగబా వెళ్ళి రెక్కలు బార్లా తెరిచింది. కింది వీధిలోని హారన్లూ అరుపులూ గదిలోకొచ్చి పడ్డాయి. ఆయన ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు.

“సాయంత్రంపూట తుమురు సీరియల్!”

వేలు ఇటూ కదల్లేదు, అటూ కదల్లేదు. “అంత బాగుండదా?” అంది ఆమె, కడుపు మండినా నవ్వొచ్చి. ఆయన మర్యాదగా గోడకేసి చూశారు.

ఇక మిగిలిన సరుకు రెండే. ముందు తన ఇంటినే నిలబెట్టింది. “కొడుకిల్లు! మూడో అంతస్తు, కిటికీ పక్క కుర్చీ, వేళకి మందులు, చూసుకునే కోడలు!” అంగడిలో ఏ సరుకునూ ఎవరూ అంత ఆశగా పొగిడి ఉండరు.

ఆయన ఆమెనే చూశారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వేలు లేవలేదు.

ఇంకోసారి అడగాలనిపించింది. ఆ కన్నీళ్ళే జవాబని చెప్పేసుకోవాలనిపించింది. ఆ వాక్యం నాలుక చివరిదాకా వచ్చింది కూడా. మింగేసింది.

“కూతురిల్లు. కింది గది. నాలుగడుగులేస్తే రోడ్డు,” అంది, ఏ పొగడ్తా లేకుండా.

ఎడమచేతి వేలు లేచింది. పొట్ట దాటి, ఛాతీ దాటి, తల పైదాకా లేచింది. మార్కెట్లో అంత ఎత్తున వేలు లేపేవాణ్ణి బేరం తెలియని వెర్రివాడంటారు. అయినా ఆయన దించలేదు.

“చూశాను మామయ్యా. దించండి,” అంది ఆమె. ఆయన దించాక ఫోన్ తీసింది.

“వదినా, గది ఇచ్చేశారా?”

“రేపు మాట్లాడుకుందామన్నారు. ఏం?”

“ఇవ్వకండి. మామయ్య మీ దగ్గరికొస్తారు.”

“అదేంటి? ఆ రోజు అక్కడే ఉంటానన్నారుగా?”

“ఆ రోజు మాట్లాడింది నేను వదినా. ఆయన కాదు.”

“నేను వచ్చేస్తుంటే నాన్న తలుపు వైపు అలా చూస్తూనే ఉన్నారు,” అంది ఆడపడుచు. ఆ గొంతులో కోపముంది, ఉండాల్సిందే. కోడలు ఒక్క సాకూ చెప్పలేదు. “రేపొచ్చి తీసుకెళ్తాను,” అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

కోడలు కుర్చీ లాక్కుని మామగారి ఎదురుగా కూర్చుంది. ఆయన ఆమె చేతిమీద తన ఎడమచెయ్యి వేశారు. “ఒకటోసారి,” అన్నారు మెల్లగా. అంతకుముందెన్నడూ వినని రాగం అది. ‘బాధపడకమ్మా’ అని ఉండొచ్చు. ‘అప్పుడప్పుడూ వస్తూ ఉండు’ అని ఉండొచ్చు. ‘ఇన్నాళ్ళూ ఎంత ఏడిపించావే’ అని కూడా ఉండొచ్చు. అన్నీ అతికినట్టే సరిపోతున్నాయి.

“నాకు అర్థం కాలేదు మామయ్యా,” అంది ఆమె. “మళ్ళీ చెప్పండి.”

ఆయన ఆమెను తేరిపార చూశారు. గొంతు సవరించుకుని, కుర్చీలో సర్దుకుని మళ్ళీ చెప్పారు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన ఇంకోసారి చెప్పారు, ఈసారి చేత్తో వీధిని చూపిస్తూ. అయినా అర్థం కాలేదు, ఆ సంగతే చెప్పింది. జబ్బు పడ్డాక మొదటిసారి ఆయన మొహం విప్పారింది. ఎవరో తన మాట కోసం ఆగారు. తొందరేమీ లేనట్టు, మొదట్నుంచీ మొదలుపెట్టారు.