ఒక్కపొద్దు పిల్లి

మా పిల్లి పేరు నంది. సోమవారం పూజగదిలో శివుడి పటం ముందు కాళ్లు మడుచుకుని, కళ్లు మూసుకుని, పొద్దుగూకేదాకా కదలదు కాబట్టి ఆ పేరు పెట్టాను. ఆ రోజు నేను ఒక్కపొద్దు. అదీ ఒక్కపొద్దే. పెరుగన్నం కలిపి ముందు పెడితే వాసన చూసి మొహం తిప్పుకుంటుంది. దాని నొసటి మీద పుట్టుకతోనే మూడు బూడిద రంగు గీతలున్నాయి. చిరిగిన ఎడమ చెవిని కూడా నేను ఏదో దీక్ష గుర్తు అనుకునేవాణ్ణి.

ఇంట్లో ఉండేది నేనూ అదీ. ఒంటరి మనిషి తన నియమాలు తానే పెట్టుకుని తానే పాటిస్తూ ఉంటాడు. ఎప్పుడో ఒక మధ్యాహ్నం, ఆకలి బాగా వేసినప్పుడు, ఇదంతా ఎవరి కోసమన్న అనుమానం వస్తుంది. నంది వచ్చాక నాకు ఆ అనుమానం పోయింది. నా పస్తుకు ఒక సాక్షి దొరికింది.

ప్రొద్దుటూరు బజారులో నా బట్టల అంగడికి ఎదురుగా ధనుంజయ్ బంగారు అంగడి. నంది సంగతి చెబితే అతను నమ్మలేదు.

“పిల్లి కండ్లు మూసుకొని పాలు తాగుతాదని విన్యాం గానీ, జపం చేస్తాదని యాడా వినలేదు కాశీవిశ్వనాథం మామా.”

పెంపుడు జంతువుల బొమ్మలు వేయడం నేర్పే వర్క్‌షాపు ఆదివారం కల్యాణ మండపంలో ఉందని తెలియగానే అందుకే చేరాను. నంది బొమ్మ గల్లాపెట్టె పైన తగిలిస్తే ధనుంజయ్ రోజూ దాని మొహం చూడాల్సి వస్తుంది.

నేర్పడానికి జమ్మలమడుగు నుంచి లక్ష్మీప్రియ అనే డ్రాయింగ్ టీచర్ వచ్చింది.

“ఫోన్లు లోపల పెట్టేయండి. ఫోటో చూసి గీస్తే ఫోటోనే వస్తాది. మీ ఇంట్లో అది ఎట్లుంటాదో తలుచుకొని గీయండి.”

తలుచుకున్నాను. మొదట గీసిన వీపు మడత సరిగా పడని బట్టల తానులా వచ్చింది. తర్వాత చెయ్యి కుదిరింది. మూసిన కళ్లు, మూడు గీతలు, చెవి. లక్ష్మీప్రియ నా వెనక నిలబడి చూసింది.

“బాగుంది అంకుల్. సూడిదా?”

“మగది. ఒక్కపొద్దులో ఉంది.”

“పస్తుండేదానికి ఇంత కడుపేంది? కొంచెం తగ్గించండి.”

నిజమే. నేను కావాలని వేయలేదు. ప్రతి సోమవారం ఆ కడుపును నా కన్ను చూసింది, చెయ్యి గుర్తు పెట్టుకుంది. మనసు మాత్రం ఒప్పుకోలేదు.

అప్పుడు పక్క బల్ల మీంచి ఖమర్‌బీ నా కాగితంలోకి వంగి చూసింది. మా ఇంటి వెనక సందులో ఉంటుంది, నా అంగడి జాకెట్లకు మగ్గం పని చేస్తుంది. మనవరాలు సుమయ్యా డబ్బు కట్టి జ్వరంతో పడుకుంటే, ఆ దుడ్లు వృథా కాకూడదని తను వచ్చి కూర్చుంది.

“మా సుల్తాను నీ కాగితంలో పండుకున్యాడేంది శెట్టన్నా?”

“సుల్తానెవరు? ఇది నంది.”

“ఆ చెవి చూడు. మా మిద్దె మింద కోతితో కొట్లాడి చింపుకున్యాడు.”

ఆమె కాగితం చూశాను. అదే చెవి, అవే మూడు గీతలు. కానీ ఆమె పిల్లి వెనక కాళ్ల మీద లేచి నిలబడి, కళ్లు ఇంతింత చేసుకుని, నోరు తెరిచి, ఒక ఎముక కోసం ఎగురుతోంది. అంత బతుకు నేను దాని మొహంలో ఎప్పుడూ చూడలేదు.

“ఆదివారం మా ఇంట్లో పొట్టేలి కూర” అంది. “కుండ దించకముందే గోడ దూకొస్తాడు. కొవ్వు, బొక్కలు, అడుగున మాడింది, అన్నీ వానికే. తిన్యాక నడవల్యాడు. దొర్లుకుంటా పోతాడు.”

“యాడికి?”

“ఇన్నాళ్లూ తెల్దు. ఇప్పుడు తెలిసె.”

“మరి సోమవారం?”

“సోమవారం మా ఇంటికీ రాడు. అరగాల గదా.”

కుంచె నీళ్లలో పెట్టాను. నా పక్కన కళ్లు మూసుకుని కూర్చున్నది భక్తి కాదు, అజీర్ణం. నేను దాని ముందు గొంతు తగ్గించి పంచాక్షరి చదివేవాణ్ణి.

ఖమర్‌బీ నా మొహం చూసి నవ్వు ఆపేసింది.

“నియమమున్న ఇల్లు నీది. తెలీక పెట్టినాం శెట్టన్నా. ఈపొద్దు నుంచే మాన్పిస్తాలే. తలుపేసుకొని తింటాం.”

మంచి మనిషి. తలూపబోయి ఆగాను. ఈ రోజు కూర పెట్టకపోతే రేపు తెల్లారేసరికి నందికి ఆకలేస్తుంది. పెరుగన్నం తిని గోడ దూకి పోతుంది. శివుడి పటం ముందు నేనొక్కణ్ణే కూర్చుంటాను. మధ్యాహ్నం ఆ పాత అనుమానం వచ్చి పక్కన కూర్చుంటుంది.

బజారు వాళ్లెవరైనా ఉన్నారేమోనని హాలంతా చూశాను.

“వద్దమ్మా, పెట్టు” అన్నాను.

“ఏం పెట్టాల?”

ఆ మాట నా నోటితో ఎప్పుడూ అనలేదు. “అదే. ఆదివారం పెట్టేది. కొంచెం ఎక్కువే పెట్టు. సోమవారం పొద్దుగూకేదాకా అరక్కూడదు.”

ఖమర్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “కొవ్వు ముక్కలు ఇంగ రెండేస్తాలే శెట్టన్నా.”

లక్ష్మీప్రియ తగ్గించమన్న కడుపు దగ్గరికి వచ్చాను. కుంచె ముంచి, దాన్ని ఇంకాస్త పెంచాను.