ఇసుక బస్తాకి కుదిరిన క్లచ్

స్కూటర్ని ఉన్నదున్నట్టు వదిలేసి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. దాన్ని తయారుచేసినవాళ్ళు ఏవో లెక్కలు వేసుకుని, ఇద్దరు మనుషుల్నీ ఒక కూరల సంచీనీ మోసేలా చేశారు. అది పాపం నోరెత్తకుండా మోసింది కూడా. కానీ కళ్ళజోళ్ళ షాపాయన ఊరుకునే రకమా? నలభై దాటి, జుట్టు పల్చబడి, పొట్ట ముందుకొచ్చాక, ఆ మూడింటినీ ఏమీ చెయ్యలేక బండి మీద పడ్డాడు.

ముందు సిలిండరు మార్చి పెద్దది వేయించాడు. తర్వాత సైలెన్సర్ తీయించి బోలు గొట్టంలాంటిది బిగించాడు. ఆఖరుకి క్లచ్‌లో గట్టి స్ప్రింగులు వేశాడు. వీధిలోవాళ్ళు తనని రాకెట్ అంటారని ఎంతో ఆశపడ్డాడు. వాళ్ళు ట్రాక్టర్ అని పేరు పెట్టారు. షాపుకొచ్చినవాళ్ళు సైతం "ట్రాక్టర్ గారు ఉన్నారా?" అని అడగడం మొదలుపెట్టారు. అతను కూడా సిగ్గులేకుండా "ఉన్నాను, రండి" అనేవాడు.

క్లచ్ అంటే బ్రహ్మవిద్యేం కాదు. వెనక చక్రం పక్కన గిన్నెలాంటిది ఒకటి ఉంటుంది. దాని లోపల మూడు ముక్కలు, వాటిని పట్టి ఉంచే చిన్న స్ప్రింగులు. ఇంజను వేగంగా తిరిగితే ముక్కలు విచ్చుకుని గిన్నెని పట్టుకుంటాయి, బండి కదులుతుంది. స్ప్రింగులు మెత్తనివైతే త్వరగా పట్టుకుంటాయి, గట్టివైతే ఆలస్యంగా పట్టుకుంటాయి. మనవాడు వేసినవి పందెం బళ్ళకి వేసేవి. అందుకని ఆ స్కూటరు నిలబడ్డచోటే కాసేపు గొంతు చించుకుని అరిచి, ఉన్నట్టుండి ఎగిరి ముందుకి దూకేది.

"ఒరేయ్, ఇంత చప్పుడు చేస్తే ఈపాటికి ఊరు దాటాలి గదరా, ఇంకా గుమ్మంలోనే ఉన్నావేం?" అని అతని తల్లి రోజూ కిటికీలోంచి అడిగేది. "అదే అమ్మా పికప్ అంటే" అని అతను అరిచి చెప్పేవాడు. ఆవిడకి వినబడేది కాదు.

భార్య ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తుంది. రక్తం తీయడంలో ఆవిడది తేలిక చెయ్యి అని పేరు. పెళ్ళయిన దగ్గర్నుంచీ పొద్దున్నే ఆవిడని ఆస్పత్రి గేటు దగ్గర దింపి, అక్కణ్ణుంచి షాపుకి వెళ్ళడం అతనికి అలవాటు. ఇంట్లో తల్లి, పిల్లలు, టీవీ, కుక్కర్ కూతలు. మొగుడూ పెళ్ళాలు కుదురుగా నాలుగు మాటలు చెప్పుకునే చోటు ఆ స్కూటరొక్కటే. ఆవిడ తన హెల్మెట్‌ని అతని హెల్మెట్‌కి ఆనించి ఇంటి సంగతులూ ల్యాబు సంగతులూ చెబుతుంటే అతను ఊ కొడుతూ నడిపేవాడు. ఎప్పుడైనా బ్రేకు వేస్తే రెండు హెల్మెట్లూ టక్కుమనేవి, ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు.

గట్టి స్ప్రింగులు వేశాక ఆవిడ కొన్నాళ్ళు ఓపిక పట్టింది. ఒకరోజు చెప్పులేసుకుంటూ "ఇవాళ్టి నుంచి నేను బస్సులో పోతానండీ. మా ల్యాబులో ఆవిడ తోడుంది" అంది. కోపంగా ఏం అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది, కారణమేమిటో తెలిసేది.

మొదట్లో, పోనీలే, బరువు తగ్గి బండి ఇంకా బాగా దూకుతుంది అనుకున్నాడు. అలా అనుకున్నందుకు తర్వాత తనని తానే బోలెడు తిట్టుకున్నాడు. ఎందుకంటే ఇంట్లో సంగతులు అతనికి చేరడం ఆగిపోయింది. పెద్దకూతురికి బోర్డు మీద అక్షరాలు ఆనడం లేదన్న కబురు తల్లికి తెలుసు, చిన్నపిల్లాడికి తెలుసు, పక్కింటివాళ్ళకి తెలుసు. కళ్ళజోళ్ళ షాపు పెట్టుకుని కూర్చున్న తండ్రికే అందరికంటే ఆఖర్న తెలిసింది. అదీ కూతురు షాపుకొచ్చి "నాన్నా, నా కళ్ళు చూడు" అంటేనే.

అప్పుడు గుచ్చుకుంది. ఎలాగైనా భార్యని మళ్ళీ ఆ సీటు మీద కూర్చోబెట్టాలి. ఆవిడ ఎందుకు మానేసిందో బాగా ఆలోచించి, కుదుపే కారణమని తేల్చాడు. బండి దూకినప్పుడల్లా ఆవిడ గోళ్ళు అతని డొక్కలో దిగబడేవి కదా, ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి! వెళ్ళి ఆవిణ్ణే ఒక్క మాట అడిగితే పోయేదని అతనికి తట్టలేదు. అడగడం కంటే క్లచ్ విప్పడమే సులువనిపించింది.

సెలవురోజు పెరట్లో కూర్చుని విప్పాడు. నట్టు వదులు చెయ్యగానే లోపలి పెద్ద స్ప్రింగు ఒక్క తోపు తోసింది. నట్టు ఎగిరి తల్లి ఆరబెట్టుకున్న బట్టల మధ్యకి పోయింది. దాన్ని వెతకడానికే పొద్దు సగం గడిచింది. గిన్నె తుడిచాడు, నున్నగా మెరుస్తున్న ముక్కల్ని ఎమెరీ కాగితంతో గరుకు చేశాడు, బాగా మెత్తటి స్ప్రింగులు వేశాడు. స్టార్ట్ చేసి చెయ్యి తీశాడో లేదో, బండి యజమానితో పనిలేకుండా తనంతట తాను నడిచి వెళ్ళి పూలకుండీని గుద్దింది. ఓహో, ఇవి మరీ మెత్తన అని మధ్యరకానివి తెచ్చాడు. బోలు గొట్టం మోతలో క్లచ్ పట్టే చప్పుడు తెలియడం లేదని పాత సైలెన్సరే మళ్ళీ బిగించాడు.

ఒంటరిగా ఎక్కితే బాగానే ఉంది. కానీ వెనక మనిషి కూర్చుంటే లెక్క మారుతుంది. ఆ మనిషిని అడుగుదామా అంటే, పెళ్ళాం బరువు అడిగి బతికి బట్టకట్టినవాడు ఉన్నట్టు అతను ఎక్కడా వినలేదు. తల్లిని అడిగాడు.

"అమ్మా, నీ కోడలు ఎంత బరువుంటుందంటావ్?"

"బరువు నాకెందుకు చెప్పు? నువ్వు బాధ్యత చూసుకో, చాలు" అందావిడ.

గోడ బాగుచేయించగా మిగిలిన ఇసుక పెరట్లోనే ఉంది. బస్తాలో పోసి, ఎత్తి చూసి, ఇంకొంచెం పోసి, వెనక సీటుకి తాళ్ళతో కట్టాడు. బస్తా ముడి వికారంగా ఉందని దాని మీద భార్య హెల్మెట్ పెట్టాడు. దాన్నెక్కించుకుని ఊళ్ళోకి బయల్దేరాడు.

షాపులో అతని పనే అది. కళ్ళ ముందు ఒక అద్దం పెట్టి, తీసి, ఇంకోటి పెట్టి "ఇది బాగుందా, ముందుదే నయమా?" అని అడగడం. పాడలవాటు ఎక్కడికి పోతుంది? ప్రతి మలుపులోనూ ఆగి బయల్దేరి, మెడ వెనక్కి తిప్పి "ఇప్పుడెలా ఉంది? ముందుదే నయమా?" అని బస్తాని అడిగాడు. బస్తా ఏ అభ్యంతరమూ చెప్పలేదు. రోజూ భార్య వచ్చేలోపే షాపు కట్టేసి ఇంటికొచ్చి, ఐడిలింగ్, అంటే బండి నిలబడ్డప్పుడు ఇంజను తిరిగే వేగం, కాస్త తగ్గించడం, ముక్కల్ని ఇంకాస్త రుద్దడం, బస్తాని ఊరేగించడం. చివరికి ఒక సాయంత్రం స్కూటరు అరవకుండా, ఎగరకుండా, ఎప్పుడు కదిలిందో తెలియనంత మెత్తగా కదిలింది. అతనికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బస్తాని భుజం తట్టినట్టు తట్టాడు కూడా.

సరిగ్గా ఆ తట్టడాన్నే బస్సు కిటికీలోంచి భార్య తోటి ఉద్యోగిని చూసింది. పక్కన భార్య కునికిపాట్లు పడుతోంది.

"మీ ఆయన బండి మీద ఎవరో ఉన్నారే! ఒకటే కబుర్లు. మనిషి కాస్త పొట్టి" అందావిడ.

భార్య ఇంటికొచ్చి, సంచీ అయినా దించకుండా నేరుగా పెరట్లోకి నడిచింది. తన హెల్మెట్ పెట్టుకుని సీటు మీద ఒకవైపు ఒరిగి కూర్చున్న శాల్తీ, దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని తాడు సర్దుతున్న మొగుడు కనిపించారు.

"ఎవరీవిడ?"

అబద్ధం ఆడదామంటే ఏదీ నోటికి రాలేదు. "నువ్వే" అన్నాడు.

ఆవిడ బస్తా చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. "ఇంత ఉంటానా?"

"ఇసుక కాస్త ఎక్కువ పడింది."

ఆవిడ గోడ పట్టుకుని నవ్వింది. లోపల్నుంచి అత్తగారు ఏమిటేమిటని వచ్చి, చూసి, "కన్నదాన్ని నేను, అనుభవించేదానివి నువ్వు" అంటే ఇంకా నవ్వింది. నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకుంటూ "దింపండి దాన్ని. రేపు నేనే వస్తాలెండి" అంది. మనవాడి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఆ రాత్రి స్ప్రింగుల గురించి పిల్లలకి చెప్పబోతే వాళ్ళు నిద్ర నటించారు.

మర్నాడు ఆవిడ ఎక్కింది. స్కూటరు గొణుక్కుంటున్నట్టు చిన్న చప్పుడుతోనే కదిలింది. ఎక్కడా కుదుపు లేదు. డొక్కలో గోళ్ళు లేవు. మొదటి సిగ్నల్ దగ్గర ఆగగానే ఇక ఉండబట్టలేకపోయాడు.

"ఎలా ఉంది?"

"ఏది?"

"అదే, కదలడం. ముందుదే నయమా?"

"బాగుంది" అని హెల్మెట్ ఆనించింది. "అయినా కుదుపుదేముందండీ. బస్సు కుదపదా?"

"మరెందుకు మానేశావ్?"

"నేను చెప్పేది మీకు వినబడేది కాదు. ఆ హోరులో అరిచి అరిచి గొంతు పోయేది. మీరేమో దేనికైనా తలూపేవారు."

పచ్చలైటు పడింది. అతను బయల్దేరాడు. రోగమొకటైతే మందొకటి వేశానన్నమాట అనుకున్నాడు. అయినా కాకతాళీయంగా పనిచేసింది కదా అని తన భుజం తానే చరుచుకోబోతుండగా, ఆవిడ మామూలుగా ల్యాబు కబురు చెబుతున్నట్టే అంది.

"మా బస్సావిడ వచ్చేవారం ట్రైనింగుకి పోతోంది. ఆరునెలలు. తిరిగొచ్చాక ల్యాబుకి పెద్ద తనే. ఇక బస్సులో నాకు తోడుండదు, అందుకే వస్తానన్నాను."

"మంచిదేగా. నిన్నెందుకు అడగలేదు వాళ్ళు? నీకంటే పనిమంతురాలా?"

"ముందు నన్నే అడిగారు."

"నాకు చెప్పలేదేం?"

"చెప్పాను. ఈ సీటు మీదే, ఆ వంతెన ఎక్కుతుంటే. ఆరునెలలు నేను లేకపోతే మీకు కష్టమవుతుందా, మానెయ్యమంటారా అని అడిగాను. మీరు గట్టిగా తలూపారు. రెండుసార్లు. మీకు వినబడడం లేదని నాకు తెలిసేసరికే వాళ్ళకి వద్దని చెప్పేశాను."

ఆ రోజు అతనికి బాగా గుర్తుంది. గట్టి స్ప్రింగులు వేసిన కొత్త. వంతెన ఎత్తులో ఇంజను గొంతు పెంచి పెంచి, క్లచ్ ఒక్కసారి పట్టుకుని బండి పైకి లేచినట్టయింది. అబ్బ, ఇదీ పట్టంటే అని తలూపాడు. ఇంకోసారి పట్టుకుంటే మళ్ళీ ఊపాడు. ఆ మోత, ఆ ఊపు, చెయ్యి కింద యాక్సిలరేటర్ వణుకు, అన్నీ గుర్తున్నాయి. వెనక ఒక మనిషి ఏదో అడిగిందన్నదొక్కటే లేదు. రోజూ బస్తాని మలుపు మలుపునా అడిగినవాడు, అడుగుతున్న మనిషికి చెప్పాల్సిన జవాబు ఇంజనుకి చెప్పాడు. అతనికి ఏడుపూ సిగ్గూ కలిసి వచ్చాయి. హెల్మెట్ ఉండబట్టి సరిపోయింది.

"ఇప్పుడు చెబితే ఒప్పుకోరా?" అన్నాడు.

"పేరు వెళ్ళిపోయిందండీ. ఆవిడ పెట్టె కూడా సర్దుకుంటోంది. ఆవిడకీ అవసరమే."

ఆ తర్వాత ప్రతి సిగ్నల్ దగ్గరా బండి అందంగా ఆగింది, అందంగా కదిలింది. అంత బాగా కుదిరిన క్లచ్‌ని అతను జన్మలో నడపలేదు. దాన్ని చూస్తే చిరాకేసింది.

ఆస్పత్రి గేటు దగ్గర ఆవిడ దిగి హెల్మెట్ తీసి చేతికిచ్చింది. అతను ఇంజను ఆపేశాడు.

"నాకు వినబడి ఉంటే వెళ్ళమనే చెప్పేవాణ్ణి" అన్నాడు.

ఆవిడ చెదిరిన జుట్టు సర్దుకుంటూ అతని వంక చూసింది. "తెలుసు. మీరు వెళ్ళమంటారనే అడిగాను" అని చెప్పి, టైమవుతోందని లోపలికి వెళ్ళిపోయింది.