మౌని ముందు అనకూడని మాట

మా కుక్క పేరు మౌని. నవ్వకండి. శరణాలయం నుంచి తెచ్చిన కొత్తలో వాడు సోఫా కింద దూరి కిక్కురుమనకుండా ఉండేవాడు. అది చూసి మా ఆయన మురిసిపోయి ఆ పేరు పెట్టేశారు. పెట్టిన మర్నాడే లిఫ్టులోంచి ఎదురింటివాళ్ళ కుక్క దిగింది. ఆ రోజు తెరిచిన నోరు మౌని ఇంతవరకూ మూయలేదు.

వాడు చెడ్డవాడు కాదు. ఈగ వచ్చి వాలినా పక్కకు జరిగి చోటిచ్చే రకం. ఇంకో కుక్క కంటబడిందా, ఇక పూనకమే. తాడు చివర రెండు కాళ్ళ మీద లేచి, నా భుజం ఊడేదాకా లాగి, భవనం మొత్తానికి చాటింపు వేస్తాడు. "మొరిగే కుక్క కరవదండీ" అని కింది అంతస్తు లెక్చరర్ గారికి నచ్చజెప్పబోయాను. "కరవకపోతే సంతోషం. మొరక్కుండా ఉండే సామెతేమన్నా ఉంటే చెప్పండి" అన్నారాయన.

ఫిర్యాదులు శ్రుతి మించాక, మా వదిన, అంటే మా ఆయన అక్క, ఫోన్‌లో ఒక దారి చూపించింది. ఆవిడకి ఊరి చివర గోడౌన్ ఉంది. "మాకు అరిచే కుక్కే కావాలి. గేటు దగ్గర గొలుసేసి కట్టేస్తే దానికీ పని, మీకూ మనశ్శాంతి."

మా ఆయన తీర్పు చెప్పారు. సెలవులకి గుడారం వేసుకునే చోటికి పోదాం, వీణ్ణీ తీసుకెళ్దాం. నలుగురిలో బుద్ధిగా ఉంటే మనింట్లో ఉంటాడు, లేకపోతే తిరుగు ప్రయాణం నాడు అక్క అక్కడికే వచ్చి తీసుకెళ్తుంది. ఈత రానివాణ్ణి ఏట్లోకి తోసి మార్కులు వేస్తామంటే అదేం పరీక్షో నాకు అంతుబట్టలేదు.

"మీకేం బాధగా లేదూ?" అని అడిగాను.

"ఏం లేదు" అన్నారు.

మౌని రాత్రిళ్ళు పడుకునేది నా పాత శాలువా మడత మీద. గోడౌన్ గేటు దగ్గర శాలువా ఎవరు పరుస్తారు?

బయల్దేరాం. వాడికి బయట ఏ కుక్కా కనబడకూడదని కారు వెనక అద్దాలకి దుప్పట్లు కట్టాం. చూసినవాళ్ళు దొంగసరుకు అనుకునేలా ఉంది వాలకం. నా నడుముకి ఉడికించిన కోడిమాంసం ముక్కల సంచీ. ఎదురుగా కుక్క వస్తే దూరం జరగండి, ముక్క పెట్టండి, గొంతు పెంచకుండా మాట్లాడండి అన్నారు కుక్కలకి శిక్షణిచ్చే మాస్టారు. జరగడం, పెట్టడం నా వంతు. మాట్లాడ్డం మా ఆయన వంతు.

పెట్రోలు బంకులో ఆగాం. పక్క కారు కిటికీలోంచి తెల్లటి బుల్లికుక్క తల బయటపెట్టింది. మా ఆయన ముందు సీట్లోంచి వెనక్కి వంగి, తాడు బిగించి పట్టుకుని, "ఏం లేదురా, ఏం లేదు, ఏం లేదు" అన్నారు. దుప్పటి ఊడింది. నా చేతిలో టీ నా ఒళ్ళో పడింది. బుల్లికుక్క యజమాని అద్దం ఎత్తేసుకున్నాడు.

"ఇది పరీక్షలోకి రాదు" అన్నాను చీర దులుపుకుంటూ.

"నేనేమన్నా అన్నానా?" అన్నారు. అన్నారు గానీ, అనాల్సిందంతా అన్నట్టే పెదవి విరిచారు.

మాకు మూల చోటు కావాలని ముందే చెప్పి పెట్టుకున్నాం. ఇచ్చారు. స్నానాల గదులకి దారి ఆ మూల మీదుగానే అని మాత్రం చెప్పలేదు. ప్రతి మనిషీ, ఆ మనిషి వెనక ప్రతి కుక్కా మా గుమ్మం ముందునుంచే పోవాలి. పక్క గుడారంలో ఒక దంతవైద్యురాలు, ఆవిడతో లావుపాటి ముసలి కుక్క.

"మీ వాడికి మా తాతగారంటే పడదా?" అంది ఆవిడ, మౌని వీరంగం చూసి.

"ఆయనొక్కడే అని కాదండీ. ప్రపంచమే పడదు."

ఆవిడ కుర్చీ ఎత్తుకుని గుడారం అవతలి పక్క వేసుకుంది.

మా ఆయన గుడారం పరిచారు. సంచీలో చెయ్యి పెట్టి వెతికారు. సంచీ బోర్లించారు. మళ్ళీ వెతికారు.

"ఏమైందండీ?"

"ఏం లేదు."

మౌని ఎగిరి మొరిగాడు. నేను ముక్క తీసి నలువైపులా చూశాను. దారి మీద కుక్క కాదు కదా, కాకి కూడా లేదు.

"గాలికి కూడా అరుస్తున్నాడు. ఇక వీడు బాగుపడడు" అన్నారు మా ఆయన. లేనివి గుడారం మేకులు. ఇంటి బాల్కనీలో భద్రంగా ఉన్నాయట. బట్టలారేసే తాడుతో గుడారాన్ని ఒక పక్క చెట్టుకీ, ఒక పక్క కారుకీ కట్టమని నాకు పురమాయించి, ఆయన స్నానానికి పోయారు.

తాడు ఒక కొస పళ్ళమధ్య పట్టుకుని, ఇంకో కొస ముడి వేస్తున్నాను. సరిగ్గా అప్పుడే దంతవైద్యురాలు తాతగారితో దారి మీదికి వచ్చింది. అయిపోయింది, గోడౌనే అనుకున్నాను. మౌని వీపు మీద జుట్టు లేచింది. గొంతులో చిన్న గురగుర. నా నోరు ఖాళీగా లేదు, ఒక్క మాట అనలేకపోయాను. వాడు తాతగారిని చూశాడు, తల తిప్పి నన్ను చూశాడు. ముక్క పెట్టాను. తిన్నాడు. వాళ్ళు వెళ్ళిపోయారు. వాడు ఇంత పొడుగు నిట్టూర్పు విడిచి కూర్చున్నాడు.

నేనూ కూర్చున్నాను. ఏదో అనుమానం వచ్చి నోట్లోంచి తాడు తీసి, అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, మెల్లగా అన్నాను: "ఏం లేదు."

పూనకం!

"ఎవరొచ్చారండీ?" అని దారి చివర్నుంచి దంతవైద్యురాలి కేక.

"ఎవరూ రాలేదండీ, నేనే!"

విషయం అర్థమయ్యాక నవ్వాలో, తల బాదుకోవాలో తెలీలేదు. లిఫ్టు దగ్గర, మెట్ల మీద, వీధి మలుపులో, ఎక్కడ కుక్క ఎదురైనా మా ఆయన తాడు బిగించి ముందు అనేది ఆ మాటే. మనకది ఓదార్పు. మౌనికి మాత్రం "అదిగో కుక్క, కాచుకో" అని హెచ్చరిక. పాపం, పాఠం శ్రద్ధగా నేర్చుకున్నాడు.

తల తుడుచుకుంటూ వచ్చిన మా ఆయనకి చెప్పాను.

"అంటే తప్పు నాదంటావు."

"శిష్యుడికి పాఠం వచ్చిందంటున్నా. తిరకాసంతా గురువులో ఉంది."

"చాల్లే. అందులో ఏం లే..."

మౌని చెవులు నిక్కబొడుచుకున్నాయి. మా ఆయన మిగతా అక్షరం మింగేశారు.

"మరేమనాలి?"

"ఏదైనా. వంకాయ అనండి."

"కుక్కొస్తే వంకాయ అనాలా?"

"ఇప్పటిదాకా అన్నదానికంటే నయం."

ఆ సాయంత్రం ఆయన తాడు వదులుగా పట్టుకుని, సిగ్గుతో చచ్చిపోతూ "వంకాయ, వంకాయ" అంటూ తిరిగారు. పనిచేసింది. పనిచెయ్యనిది ఆయన నోరు. కాల్లో ముల్లు గుచ్చుకుంటే, చెంచా కనబడకపోతే, ఫోన్‌లో ఎవరో విశేషాలడిగితే, అన్నిటికీ "ఏం లేదు". మా అత్తింటివాళ్ళకి అది వంశపారంపర్యం, ఇల్లు తగలబడుతున్నా ఎందుకు పొగ అంటే అదే జవాబు. ఆయన నోరు జారినప్పుడల్లా మౌని లేవడం, పక్క గుడారాలవాళ్ళు గుర్రుగా చూడ్డం, నేను క్షమాపణలు చెప్పడం. కుక్క తోక వంకర తీయడం కష్టమంటారు. ఆ తోక మా ఇంట్లో ఎవరికుందో ఆ పూట తేలిపోయింది.

మర్నాడు పొద్దున్నే వదిన వ్యాను వచ్చి ఆగింది. చేతిలో కొత్త గొలుసు, తళతళలాడుతోంది.

"ఏం తమ్ముడూ, ఎలా ఉన్నాడు నీ పుత్రరత్నం?"

"నిన్నంతా గోల చేశాడక్కా" అన్నారు మా ఆయన. అబద్ధం కాదు. సగం గోల తనదని చెప్పలేదు.

"సరే, ఎక్కించు మరి."

మా ఆయన కదల్లేదు. తాడు రెండు చేతులా పట్టుకుని నేల చూస్తూ నిలబడ్డారు. సరిగ్గా ఆ దారినే దంతవైద్యురాలు, తాతగారు మా వైపే వస్తున్నారు.

"ఏమైందిరా? మాట్లాడవేం?" అంది వదిన.

ఆయన నోరు తెరిచారు. లోపలినుంచి ఏం వస్తుందో నాకు తెలుసు, పెళ్ళైనప్పటినుంచీ అదే వస్తోంది. ఆ మాట వచ్చిందంటే మౌని తాతగారి మీదికి లంఘిస్తాడు, గొలుసు పడుతుంది, ఇక అడ్డుచెప్పడానికి నాకు నోరుండదు. మా ఆయన నన్ను చూశారు. మౌనిని చూశారు. గుటక వేశారు.

"వీణ్ణి పంపడం నాకిష్టం లేదక్కా."

అన్నాక ఆయనే ఉలిక్కిపడ్డారు. "మొదట్నుంచీ లేదు. నువ్వంతలా అడిగేసరికి కాదనలేకపోయాను."

తాతగారు నింపాదిగా మమ్మల్ని దాటిపోయారు. మౌని నా సంచీ వైపు చూశాడు.

నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. "మరి ఆ రోజు నేను అడిగినప్పుడు ఏమన్నారు?"

"ఆ మాటే అన్నాను" అన్నారు, ఆ మాట మాత్రం బయటికి రానివ్వకుండా.

వదిన మా ఇద్దరి ముఖాలూ చూసి గొలుసు చుట్టచుట్టింది. "ఓస్, ఇంతేనా! దీనికా ఇంత నాన్చుడు? ఏం లేదులే, ఇంకో కుక్కని చూసుకుంటా."

మౌని ఒక్క ఉదుటున లేచి ఆవిడ మీదికి గంతేసి మొరిగాడు. వదిన వ్యానెక్కి తలుపేసుకుంది.

"ఇదేంటే మరదలా, మంచిమాట చెప్తే నా మీదికే!"

"వంకాయ అనండి వదినా" అన్నాను.

తిరుగు ప్రయాణం మొదలైంది. అలవాటు కొద్దీ అడిగాను, "ఏంటి ఆలోచిస్తున్నారు?" అని. నా పొరపాటే. ఆయన చెప్పారు. మేకులు మర్చిపోయినందుకు తన మీద తనకే ఎంత చిరాకు వేసిందో చెప్పారు. కారు బ్రేకులు కొన్నాళ్ళుగా చప్పుడు చేస్తున్న సంగతి చెప్పారు. నేను పెట్టే టీ పెళ్ళైన కొత్తనుంచీ పల్చగానే ఉంటుందన్నారు. లెక్చరర్ గారంటే భయమన్నారు. కుడి మోకాలు ఎక్కడ, ఎలా నొప్పి పెడుతుందో వివరంగా మొదలుపెట్టి, ఎడమదానికి వచ్చి, నేను వింటున్నానో లేదో అని ఆగారు.

"ఏంటి, ముఖం అలా పెట్టావు?"

మాట నోటిదాకా వచ్చింది. వెనక సీట్లో, నా శాలువా మీద, మౌని కళ్ళు తెరవకుండానే ఒక చెవి లేపాడు.

"వంకాయ" అన్నాను.